ఎండలు ముదరకముందే డాబా మీద వేడి ఆపే పొర: వేయించేవాళ్ళు చూసుకోవాల్సినవి

ఈ పనికి ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. స్లాబు ఎండి ఉంటుంది, వానల బెడద తక్కువ, ఏప్రిల్ ఎండలకు ముందే పని అయిపోతుంది.

ముందు రూలు సంగతి. ఇళ్ళలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018 డిసెంబరులో ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. దాని ప్రకారం పైకప్పు యూ-విలువ 1.2 దాటకూడదు. బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరు కప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే లెక్క అది. మనం పోసే ఆరంగుళాల ఉత్త స్లాబుకి ఇది 3 దాటుతుంది. దాని మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ షీటు (థర్మోకోల్ లాంటిదే, కానీ ఇంకా గట్టి నురుగు పలక) పరిస్తే 1 లోపుకి వస్తుంది.

2018లో ఈ సంహిత రాసింది 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకి. తెలంగాణ 2023 కూల్ రూఫ్ విధానం కూడా ఇళ్ళకి 600 గజాల దగ్గరే గీత గీసింది. చిన్న ఇళ్ళకి బలవంతం లేకపోయినా, పై అంతస్తులో పడుకునేవాళ్ళకి అవసరం మాత్రం అంతే ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: తెల్ల కూల్ పెయింట్ ఎండని వెనక్కి కొడుతుంది, మంచిదే, కానీ యూ-విలువని తగ్గించదు. "పెయింట్ వేస్తే 1.2 వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త నీళ్ళ దగ్గర. మా డాబాకి చిన్న లీకు ఉండగానే తొందరపడి పైన థర్మోకోల్ షీట్లు, వాటి మీద సిమెంటు వేయించాం. రెండేళ్ళకి పడకగదిలో మరక మళ్ళీ కనిపించింది. మేస్త్రి పైన ఒకచోట పగలగొట్టి షీటు ముక్క తీసి చేతిలో పెట్టాడు. తడిగుడ్డలా బరువుగా ఉంది, నొక్కితే నీళ్ళు కారాయి. తడిసిన షీటు వేడిని ఆపదు. డబ్బంతా మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

అందుకే షీటు కొనకముందే తూములు మూసి, డాబా మీద రెండు రోజులు నీళ్ళు నిలపండి. కింద ఫ్యాను కొక్కెం చుట్టూ, లైటు బాక్సుల దగ్గర, పిట్టగోడ కింది మూలల్లో చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగిలితే ముందు వాటర్‌ప్రూఫింగ్, అది పూర్తిగా ఆరాకే షీట్లు. నీళ్ళు తూము వైపు పారేలా వాలు కూడా అప్పుడే సరిచేయించండి. డాబా పైన వేసేటప్పుడు మామూలు థర్మోకోల్ వద్దు, నీళ్ళు దాదాపుగా పీల్చని ఎక్స్‌పీఎస్ తీసుకోండి. అతుకుల దగ్గర సందు లేకుండా ఒకదాని అంచు మీద ఇంకొకటి కూర్చోవాలి.

షీట్ల మీద రెండంగుళాల కాంక్రీటు వేస్తే చదరపు మీటరుకి 100 కిలోల పైనే బరువు పడుతుంది. పాత స్లాబైతే ఇంజనీరుకి చూపించకుండా వేయించకండి. వాటర్ ట్యాంకు దిమ్మలు, సోలార్ కాళ్ళు, డిష్ స్టాండు ముందే పెట్టించేయండి. తర్వాత డ్రిల్లు పెడితే ఆ కన్నంలోంచే నీళ్ళు దిగుతాయి.

లోపలివైపు, ఫాల్స్ సీలింగ్ పైన షీటు పెట్టేవాళ్ళకి నిప్పుతో టెన్షన్ ఉంటుంది. వైర్ల జాయింట్లు, వేడెక్కే లైట్లు షీటుకి తగలకూడదు. గ్లాస్‌వూల్ (గాజు నార) అయితే పనివాళ్ళకి మాస్కు, గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా ఉండాల్సిందే.

వేడి వస్తోందని కిటికీలు తగ్గించేయకండి. తెరుచుకునే కిటికీల వైశాల్యం విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఇంటి నేల వైశాల్యంలో ఆరో వంతు, హైదరాబాద్‌లో ఎనిమిదో వంతు ఉండాలని అదే సంహిత చెబుతోంది. పడమటి కిటికీ ఎండకి సన్‌షేడ్ పెంచండి.

సరుకు దిగినరోజు మందం టేపుతో మీరే కొలవండి. కాంక్రీటు కప్పేయకముందు, పరిచిన షీట్ల పక్కన టేపు పెట్టి నాలుగు మూలలా ఫోటోలు తీసి దాచుకోండి. ఒకసారి కప్పేశాక లోపల ఏం వేశారో ఎవరూ చూడలేరు.