తిట్టులా ఉంటే తిట్టే అనుకోకండి

పద్యమో కీర్తనో చదివి టోన్ పట్టుకోలేక ఇబ్బంది పడేవాళ్ళకి చిన్న చిట్కా. అర్థం చూసే ముందు ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారో చూసుకుని ఒకసారి పైకి చదవండి, చాలావరకు అక్కడే తేలిపోద్ది. రామదాసు కీర్తనే తీసుకోండి, గుడి కట్టించి గోల్కొండ జైల్లో పడ్డ మనిషి రాముణ్ణి పట్టుకుని ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావ్, మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని కడిగేస్తాడు, విడిగా చూస్తే పచ్చి తిట్టు. కానీ చివరికొచ్చేసరికి "అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు" అంటాడు, దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా అని. అక్కడి నుంచి వెనక్కెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చదవండి, ఆ తిట్టులో కోపం కన్నా చనువు, నొప్పి ఎక్కువ వినిపిస్తాయి. అందుకే సగంలో ఆపి టోన్ డిసైడ్ చెయ్యొద్దంటాను. ఇలా పైకి తిట్టులా ఉండి లోపల భక్తి ఉండేదాన్ని నిందాస్తుతి అంటారు, పరీక్షలో ఆ పేరు రాస్తే మార్కులొస్తాయి అది వేరే విషయం. ఇంకోటి, కనిపించిన ప్రతిదాన్నీ ఉపమానం చేసెయ్యకండి, ఆ కీర్తనలో సీతమ్మకు చేయించానని చెప్పే చింతాకు పతకం నిజంగా నగే 😄