వయసైన కుక్కని ఇంటికి తెచ్చుకుంటే

కుక్కపిల్లని తెచ్చుకోవడం వేరు, తొమ్మిదేళ్ళ కుక్కని తెచ్చుకోవడం వేరు. పిల్లయితే రెండు రోజులు కుయ్‌మంటుంది, మూడో రోజు మీ చెప్పు కొరుకుతుంది, అంతే, మీదైపోతుంది. పెద్ద కుక్కకి అప్పటికే ఒక ఇల్లు, ఒక టైము, ఒక భాష ఉంటాయి.

భాష అని ఊరికే అనలేదు. మాది ఒడిశాలోని బరంపురం, లాంజిపల్లి. ఇదే ఊళ్ళో హిల్‌పట్నాలో ఉండే ఒడియావాళ్ళకి బదిలీ అయింది, కొత్త ఫ్లాట్‌లో కుక్కల్ని రానివ్వం అన్నారట, దాంతో వాళ్ళ భాలు మా ఇంటికి వచ్చాడు. ఒడియాలో భాలు అంటే ఎలుగుబంటి, మనిషి కూడా అలాగే ఉంటాడు, నల్లగా, బొచ్చుగా. మా అమ్మ "రా నాన్నా, రా" అని గంటసేపు పిలిచినా తల తిప్పలేదు, చెవుడేమో అనుకున్నాం. "ఆ, భాలూ, ఆ" అనేసరికి లేచి వచ్చాడు, ఒడియాలో ఆ అంటే రా అని! అందుకే తెచ్చుకునే ముందే పాతవాళ్ళని కూర్చోబెట్టి అడగండి: ఏ మాటకి వస్తాడు, ఏ మాటకి కూర్చుంటాడు, ఎన్నింటికి తింటాడు, ఎన్నింటికి బయటికెళ్తాడు, దేనికి భయం, ఏ మందులు వాడారు, టీకాల కార్డు ఏది. పేరు మాత్రం మార్చకండి. వాడి పక్కబట్ట ఇమ్మని అడగండి, తెచ్చాక ఉతక్కండి, ఆ కంపే వాడికి ధైర్యం. మొదటిరోజే స్నానం చేయించాలని మీకెంత అనిపించినా ఆగండి.

ఇంట్లో ఒక మూల చూసి, నడవకి అడ్డం కాని చోట పక్క వేసి వదిలేయండి. మీద పడి ముద్దుచేయొద్దు, చుట్టాల్ని పిలిచి చూపించొద్దు. మొదటి రాత్రి భాలు పడుకోనే లేదు, గేటువైపు మొహం పెట్టి, స్కూటర్ చప్పుడు వినపడినప్పుడల్లా చెవులు లేపుతూ కూర్చున్నాడు. మేమూ పిలవలేదు. కుక్కల్ని పెంచేవాళ్ళు 3 రోజులు, 3 వారాలు, 3 నెలలు అని ఒక లెక్క చెప్తారు: బెదురు తగ్గడానికి, అలవాటు పడడానికి, ఇది నా ఇల్లే అనుకోడానికి. ముసలివాళ్ళకి ఇంకాస్త కలుపుకోండి.

అందరూ మర్చిపోయేది నేల. టైల్స్ మీద కీళ్ళ నొప్పులున్న కుక్క నడవలేదు, ముందుకాళ్ళు రెండూ చెరోపక్కకి జారిపోతాయి, ఒకసారి పడితే ఇంక ఆ గదిలోకే రాదు. మేం పక్క దగ్గర నుంచి నీళ్ళ గిన్నె దాకా, అక్కడినుంచి వరండా మెట్ల దాకా గోనెసంచులు పరిచాం. చూడ్డానికి బియ్యం కొట్టులా ఉంది, ఉండనీ. రాత్రి చిన్న లైటు వేసి ఉంచండి. పడుకున్నప్పుడు వెనకనుంచి ముట్టుకోవద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి, వినికిడి తగ్గిన కుక్క ఉలిక్కిపడి కరుస్తుంది, తప్పు దానిది కాదు.

తిండి ఒక్కసారిగా మార్చొద్దు, వారం పది రోజుల మీద పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. భాలుకి మధ్యాహ్నం పఖాళ, అంటే నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం, అలవాటు, వేడన్నం పెడితే వాసన చూసి వెళ్ళిపోయేవాడు. సరే, నీళ్ళన్నమే పెట్టాం, ఉప్పు లేకుండా, చేత్తో మెదిపి. కానీ మన కంచంలో మిగిలిన పఖాళ పెట్టకండి, అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలి లోపల గుచ్చుకుంటాయి. కుంటుతోంది కదాని మన పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ అస్సలు వేయకండి, ప్రాణం మీదికి వస్తుంది.

మొదటి వారంలోనే పశువుల డాక్టర్‌కి చూపించండి. పళ్ళు, గుండె, కీళ్ళు చూడమని, కిడ్నీలకి రక్తపరీక్ష రాయమని అడగండి. కళ్ళు నీలంగా మసకబారితే అన్నీ శుక్లాలే కానక్కర్లేదు, వయసుతో వచ్చేది కూడా ఉంటుంది. నీళ్ళు మామూలుకన్నా ఎక్కువ తాగుతోందంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, కిడ్నీ కావచ్చు, షుగర్ కావచ్చు. ఇంట్లో ఒంటికి పోస్తే తిట్టకండి, రాత్రి పడుకునేముందు ఇంకోసారి బయట తిప్పండి.

మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర, అమ్మవారి జాతర, ఆ రోజుల్లో డప్పులూ టపాసులూ రాత్రంతా. అలాంటి సమయంలో కొత్త కుక్కని తెచ్చుకోకండి, తప్పదంటే కిటికీలు మూసి, ఫ్యాన్ పెట్టి, మనిషి ఒకరు అదే గదిలో ఉండండి.

ఇంక గేటు. పాత ఇంటికి పోవాలని చూస్తాయి ఇవి. మెడపట్టీకి ఫోన్ నంబర్ రాసిన బిళ్ళ కట్టండి, మొదటి నెలంతా తాడు లేకుండా వదలొద్దు. మేం వదల్లేదు, పాలబ్బాయి గేటు వేయడం మర్చిపోయాడు, పదకొండో రోజు. వీధులన్నీ తిరిగి చివరికి హిల్‌పట్నా వెళ్తే, తాళం వేసిన పాత గేటు ముందు కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు, ఆఫీసు నుంచి ఎవరో రావాల్సినట్టు. తిట్టలేదు. కాసేపు పక్కనే కూర్చుని, "ఆ, భాలూ" అన్నాను. రెండుసార్లు గేటు వాసన చూసి ఆటో ఎక్కాడు.