అరిగింది తాళం కాదు, చెవి

కావలిలో మా వియ్యపురాలి ఇంట్లో ఒక టేకు భోషాణం ఉంది. వాళ్ల అత్తగారి నాటిది. పదిసార్లు తిప్పితే ఒకసారి పడే తాళం, సంక్రాంతి ముందు పూర్తిగా మొండికేసింది. వడ్రంగి వచ్చి పగలగొట్టి కొత్తది వేస్తానన్నాడంట. "అన్నయ్యగారూ, బస్సులే బాగుచేసినోళ్లు, ఈ బీగం మీకొక లెక్కా" అని ఆమె నాకు కబురు పెట్టింది. డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి కాదనలేకపోయాను.

ముందు మూత తెరుచుకోవాలి కదా. చెవిని కాస్త పైకి ఎత్తిపట్టి, మూతను కిందికి నొక్కుతూ తిప్పండి. గడియ మీద బరువు తగ్గితే చాలాసార్లు తాళం తెరుచుకుంటుంది. మాకు పావుగంట పట్టింది. బలంగా మాత్రం తిప్పొద్దు, పాత చెవి మెడ దగ్గర తెగుతుంది.

తాళాన్ని చెక్కకు బిగించిన మరలు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీను. రాత్రి ఒక్కోదానికి రెండు చుక్కలు కిరోసిన్ వేసి వదిలేయండి. పొద్దున గాడిలో నిండుగా కూర్చునే స్క్రూడ్రైవరుతో తిప్పండి. సన్నదానితో తిప్పితే గాడి చెడి, ఇక అది రాదు.

లోపలి రేకు తీసేటప్పుడు బొటనవేలితో లీవర్లను, అంటే చెవి తిప్పితే పైకి లేచే సన్న పలకలను, నొక్కి పట్టుకోండి. నేను పట్టుకోలేదు. నాలుగు లీవర్లూ ఎగిరి వియ్యపురాలి ముగ్గులో పడ్డాయి. ఏది పైన, ఏది కింద అన్నది తేల్చుకోడానికి ఆ పూటంతా పోయింది. రేకు తీయగానే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. చెవి రెక్కకు మెట్లుంటాయి. ఒక్కో మెట్టు ఒక్కో లీవరును ఎత్తుతుంది. అన్నింటి గాడులూ ఒకే వరసలోకి వస్తేనే గడియ మీదున్న చిన్న ఇనుప దిమ్మ అందులోంచి జారుతుంది. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. లీవరు తక్కువ లేచినా పడదు, ఎక్కువ లేచినా పడదు. అందుకే లీవర్ల జోలికి, ముఖ్యంగా ఆకురాయితో, వెళ్లొద్దు. లీవర్ల కంటే ముందు అనుమానించాల్సింది చెవినే. రోజూ జేబులో, బొడ్లో తిరిగేది అదే.

రేకు లేకుండా చెవి మెల్లగా తిప్పి చూశాను. మూడో లీవరు గాడి దిమ్మకు కిందే ఆగిపోతోంది. ఇంజను భాగాల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజీలోని సన్న ఉక్కు ఆకు ఒకటి, 0.40 మిల్లీమీటర్లది, ఆ మెట్టుకీ లీవరుకీ మధ్య దూర్చాను. టక్కున పడింది. అరిగింది అంత మందమే అన్నమాట. గేజీ లేకపోతే కాగితం మడతలు పెట్టి చూడొచ్చు.

చెవిని బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతకడం) చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లి, ఆ ఒక్క మెట్టు మీద వెలిగారం వేసి ఇత్తడి పోయించాను. అవసరానికి మించే పోయించుకోండి, తీయడం మన చేతిలో పని. తర్వాత ఆముదం దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి తిప్పి, బయటికి తీయండి. మసి చెరిగి మెరిసిన చోట సన్న ఆకురాయితో రెండే రెండు రుద్దులు. మళ్లీ మసి. నాకు పదకొండుసార్లు పట్టింది. తొందరపడి ఒక రుద్దు ఎక్కువేస్తే మళ్లీ బ్రేజింగ్ షాపుకే.

ఒక లీవరు స్ప్రింగ్ కూడా విరిగి ఉంది. చెడిపోయిన గోడ గడియారం స్ప్రింగ్ నుంచి సన్న ముక్క కత్తిరించి, లీవరు చీలికలో దూర్చి, అంచులు సుత్తితో తట్టి బిగించాను. దాన్ని మంట మీద పెట్టొద్దు, స్ప్రింగ్ బిగువంతా పోతుంది.

నూనె వద్దు. వియ్యపురాలు ఏళ్ల తరబడి పోసిన కొబ్బరినూనె దుమ్ముతో కలిసి తారులా గట్టిపడి ఉంది. కిరోసిన్‌తో కడిగి, 6బి అనే మెత్తటి పెన్సిల్ ముల్లు పొడి చల్లాను.

నకలు చెవి చేయించుకుంటే ఇప్పుడే, బాగుచేసిన దాని నుంచే చేయించుకోండి. అరిగిన చెవికి నకలు తీస్తే ఆ అరుగుదల కూడా దిగుతుంది. వియ్యపురాలి డబ్బాలో అలా చేయించినవి మూడు దొరికాయి. ఒక్కటీ పడలేదు.