డికోరమ్: అర్థం, వాడుక

డికోరమ్ అనే ఆంగ్ల పదానికి సందర్భానికి తగిన హుందా ప్రవర్తన అని అర్థం. మర్యాద అని మాత్రమే చెప్పుకుంటే సగం అర్థమే అందుతుంది. ఎక్కడ ఉన్నాం, ఎవరి ఎదుట ఉన్నాం, ఏ పని మీద కూడాం అన్నదాన్ని బట్టి మాటతీరు, గొంతు, వేషధారణ అన్నీ ఒదిగి ఉండడమే దీని సారం. ‘తగినది’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఇది 16వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది.

ఉచ్చరించేటప్పుడు రెండో అక్షరమైన ‘కో’ను ఒత్తి పలకాలి. ఇది లెక్కించే నామవాచకం కాదు కనుక, మామూలు వాడుకలో దీని ముందు ‘ఎ’ చేర్చకూడదు. సభలో అరుపులు మిన్నంటినప్పుడు స్పీకర్ సభ్యులను ‘ప్లీజ్ మెయింటైన్ డికోరమ్’ అని కోరతారు. ఆ హద్దు దాటితే దాన్ని ‘బ్రీచ్ ఆఫ్ డికోరమ్’ అంటారు.

ఎటికెట్‌తో దీన్ని కలపకుండా చూసుకోవడం చాలా అవసరం. ఎటికెట్ అంటే ఫలానా చోట పాటించే నిర్దిష్టమైన నియమాలు. సంతాప సభకు వేళకు వచ్చి, అందరికీ నమస్కరించి, తనకు చూపిన కుర్చీలోనే కూర్చున్న వ్యక్తి, ఆ తర్వాత పక్కవారితో పకపకా నవ్వుతూ వ్యాపారం మాట్లాడితే, నియమాలన్నీ పాటించినా డికోరమ్ తప్పినట్టే. స్నేహితుల మధ్య మాటల్లో ఈ పదం బరువుగా వినిపిస్తుంది; అక్కడ మ్యానర్స్ చాలు. విశేషణ రూపమైన డెకరస్‌లో ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది.