ఒకే మనిషి, 12 ఫొటోలు: తరగతిలో పోర్ట్రెయిట్ ప్రాజెక్టు నడిపే విధానం

పోర్ట్రెయిట్ ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ఊరంతా తిరిగి, కనబడిన ముఖాన్నల్లా కెమెరాలో నింపుకొని వస్తారు. నెల్లూరులో చాలా ఏళ్లుగా ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతున్న నాకు స్పష్టంగా తెలిసివచ్చిన విషయం ఒకటుంది. 12 మందిని ఒక్కొక్కసారి తీసినవారి కంటే, ఒకే మనిషిని నెల రోజుల్లో 12 విధాలుగా తీసినవారు ఎన్నో రెట్లు ఎక్కువ నేర్చుకుంటారు. కాబట్టి ప్రతి విద్యార్థి నెలలో నాలుగైదుసార్లు తీరిగ్గా కూర్చోగల ఒక్క వ్యక్తిని ఎంచుకోవాలి. ఆ వ్యక్తి ఇంట్లో నాయనమ్మ కావచ్చు, వీధి చివర దర్జీ కావచ్చు.

తొలిసారి కెమెరా లేకుండానే వెళ్లి, ఫొటోలు ఎందుకు తీస్తున్నదీ, ఎక్కడ ప్రదర్శించేదీ చెప్పి ఒప్పుదల తీసుకోవాలి. ఆడవాళ్లు మొహమాటపడే ఇళ్లకు విద్యార్థినులను పంపడం మేలు. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా పాటించే స్త్రీల కోసం వేరుగా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఎదుటివారు ఎవరి ముందు నిశ్చింతగా కూర్చోగలరో ఆలోచించడం ఈ పనిలో అంత పాతది.

మొదటి వారమంతా కిటికీ దగ్గరే గడవాలి. గదిలో ట్యూబులైటు ఆర్పివేసి, ఎండ నేరుగా పడని ఒక్క కిటికీని మాత్రం తెరిచి, మనిషిని దానికి రెండు మూడడుగుల దూరంలో, వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టాలి. తరువాత ముఖాన్ని కొద్దికొద్దిగా కిటికీ వైపు తిప్పమని కోరుతూ, అవతలి చెంప మీద కంటి కింద చిన్న త్రిభుజంలా వెలుగు నిలిచే చోట ఆపాలి. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో ఫొటోగ్రాఫర్లు పిలుచుకునే వెలుతురు ఇదే. నీడ మరీ చిక్కగా ఉంటే తెల్లని థర్మాకోల్ షీటును ఆ వైపు పట్టుకుంటే సరిపోతుంది. వెలుతురును తిప్పికొట్టే రిఫ్లెక్టర్ కొనవలసిన పని లేదు. ఎఫ్ 2.8 (లెన్సు తెరుచుకునే మేర), 1/125 సెకను (షట్టర్ తెరిచి ఉండే సమయం), ఐఎస్‌ఓ 400 (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) దగ్గర మొదలుపెట్టి, ఫొటో చీకటిగా వస్తే ఐఎస్‌ఓ పెంచాలే తప్ప షట్టర్ వేగాన్ని తగ్గించకూడదు, ఎందుకంటే మాట్లాడుతున్న మనిషి ముఖం కదులుతూనే ఉంటుంది. ఫోకస్ ఎప్పుడూ మనకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఉండాలి.

ఫోన్‌తో తీసేవారు ముక్కు పెద్దదిగా వస్తోందని దిగులు పడుతుంటారు. దానికి కారణం వారు నిలబడే దూరం. అడుగున్నర దూరంలో నిలబడితే, చెవుల కంటే ముక్కు మనకు నాలుగైదు అంగుళాలు దగ్గరగా ఉండటమే పెద్ద తేడాగా కనిపిస్తుంది. ఐదారడుగులకు జరిగి రెండింతలు జూమ్ చేస్తే ముఖం తన కొలతల్లోకి వస్తుంది.

రంగు విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. కెమెరా ఏ దృశ్యాన్నయినా సగటు బూడిదరంగుగా భావించి వెలుతురును లెక్కకడుతుంది కనుక, తెల్లని సున్నపు గోడ ముందు కూర్చున్న మనిషి ముఖం ఉన్నదానికంటే నల్లబడుతుంది, చీకటి వాకిలి ముందు కూర్చున్న ముఖం పాలిపోతుంది. మొదటి సందర్భంలో ఎక్స్‌పోజరును ఒక స్టాప్ పెంచి (అంటే వెలుతురును రెట్టింపు చేసి), రెండో సందర్భంలో ఒక స్టాప్ తగ్గించి (అంటే సగం చేసి) చూడాలి. చామనఛాయను చామనఛాయగానే చూపించాలి. ఎడిటింగులో చర్మాన్ని తెల్లబరచిన, ముడతలు చెరిపేసిన ఫొటోను నేను స్వీకరించను.

రెండో వారం ఆ మనిషిని పనిలో ఉండగా తీయాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవారైనా, చీమకుర్తిలో గ్రానైటుకు పాలిష్ పట్టేవారైనా, పని చేతికి అందగానే భుజాలు సడలి తమ సహజమైన తీరులోకి వస్తారు. మా విద్యార్థిని ఒకామె మైపాడులో వలలు బాగుచేసే పెద్దాయనను ఎంచుకుంది. మొదటి రెండుసార్లూ ఆయన చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఆధార్ ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. మూడోసారి ఆ అమ్మాయి కెమెరాను ఒళ్లో పెట్టుకొని, వలలో తెగిన కన్నును ఎలా కలుపుతారో చూపించమని అడిగింది. ఆయన వలను కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, ముడివేసి, దారం కొసను పళ్లతో తెంపి, తలెత్తి "తెలిసిందా పాపా?" అన్నారు. ఆ మాటతో పాటే ఆమె షట్టర్ నొక్కింది. పళ్ల మధ్య ఇంకా దారపు పోగు కనబడే ఆ ఫొటోను నేను ప్రతి కొత్త తరగతికీ చూపిస్తాను.

మన ఎండల్లో ఇలాంటి ఫొటోలను ఉదయం ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తరువాత తీయడం మంచిది. నడినెత్తిన సూర్యుడుంటే కళ్లు నీడగుంటలవుతాయి. మధ్యాహ్నం తప్పనిసరైతే వసారా అంచున, నీడలోనే, ముఖం వెలుతురు వైపు ఉండేలా కూర్చోబెట్టాలి. ఎదుటి ఇసుక నేల కింది నుంచి వెలుతురును ముఖం మీదికి పంపుతుంది.

మూడో వారం ముఖం కనబడకుండానే అదే మనిషి గురించి ఫొటోల్లో చెప్పాలి: చేతులు, చెప్పులు, గోడకు తగిలించిన కళ్లజోడు. ఇక్కడ మూడు ఫొటోలు చాలు.

చివరి వారం అన్నింటినీ బల్ల మీద పరిచి, తీసిన విద్యార్థి మౌనంగా ఉండగా మిగిలినవారు తమకు కనబడినది చెప్పాలి. బాగుందనే మాటతో సరిపెట్టకుండా, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో, చూపు ఎక్కడ ఆగిందో చెప్పమనాలి. ఆ తరువాత 12 ప్రింట్లనూ ఆ మనిషి ఇంటికి తీసుకెళ్లి, ఇష్టమైనది ఎంచుకోమని కోరి, దాన్ని వారికే ఇచ్చి రావాలి. వారి ఎంపిక విద్యార్థి ఎంపికతో చాలాసార్లు కలవదు. అది ఎందుకు నచ్చిందో అడిగి, వారి మాటల్లోనే నోటుపుస్తకంలో రాసుకొని తరగతికి తేవాలి.