కుందేలు పెంటికలు మారినప్పుడు: పీచు మేతకు సంబంధించిన సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుందేలు రోజుకు 200 నుంచి 300 వరకు పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, పొడిగా, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే రంపపు పొట్టులా విడిపోతాయి. కుందేలు తనకున్న బాధను వీలైనంత కాలం దాచిపెట్టే జంతువు కాబట్టి, దాని ముఖం చూసి కాక ఈ పెంటికలను చూసి జబ్బును పసిగట్టడం అలవాటు చేసుకోవాలి. రోజూ ట్రే శుభ్రం చేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూస్తే చాలు.

లక్షణాలలోకి వెళ్లేముందు పీచు చేసే పనిని తెలుసుకోవాలి, ఎందుకంటే కింద చెప్పే సమస్యలలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి. తిన్న మేత పెద్దపేగు మొదటి భాగానికి చేరాక రెండు దారులుగా విడిపోతుంది. అరగని ముతక పీచు వేగంగా ముందుకు కదిలి గట్టి పెంటికలుగా బయటకు వస్తుంది. సన్నని కణాలూ ద్రవమూ వెనక్కి మళ్లి అంధనాళమనే పెద్ద సంచిలోకి చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి, ప్రోటీన్లూ బి విటమిన్లూ నిండిన మెత్తని పెంటికలుగా మారుస్తాయి. చిన్న ద్రాక్షగుత్తిలా, జిగురు పూతతో ఉండే ఈ మెత్తని పెంటికలను కుందేలు నేరుగా నోటితో అందుకుని మింగుతుంది. ఇది దాని పోషణలో భాగం, మాన్పించవలసిన అలవాటు కాదు.

ముతక పీచు కుందేలుకు పెద్దగా శక్తినివ్వదు, కానీ పేగులను కదిలించేది అదే. గుళికల దాణా సంచి మీద పీచు 20 శాతమని రాసి ఉన్నా అది ఎండుగడ్డికి బదులు కాలేదు, ఎందుకంటే గుళికలలోని పీచును ముందే మెత్తగా పొడి చేస్తారు. కుందేలుకు కావలసింది పొడవైన గడ్డిపరక. మేతలో 80 శాతానికి పైగా ఎండుగడ్డి గానీ పచ్చిగడ్డి గానీ ఉండాలి.

తినడం మానేసింది, పెంటికలు ఆగిపోయాయి

దీన్ని మొదట చెప్పడానికి కారణం, ఇది ఇంట్లో సరిదిద్దుకోవలసిన సమస్య కాకపోవడమే. కుందేలు మూలన ముడుచుకుని కూర్చుని, పళ్లు గట్టిగా నూరుతూ, ఇష్టమైన ఆకును కూడా వాసన చూసి వదిలేస్తుంటే, పేగుల కదలిక మందగించిందని లేదా ఆగిపోయిందని అనుకోవాలి. పీచు తక్కువైన మేత, పంటి నొప్పి, నీటి కొరత, బెదురు, వేరే ఏదైనా జబ్బు వల్ల కలిగే నొప్పి, ఇవన్నీ ఈ స్థితికి దారితీస్తాయి. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపల ఉన్నది ముందుకు కదలడం తప్ప దానికి వేరే మార్గం లేదు.

పెద్ద కుందేలు 12 గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా, తెల్లవారాక చూద్దామని ఆగకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. పైన చెప్పిన నొప్పి లక్షణాలు కనిపిస్తే 12 గంటలు నిండేవరకు కూడా ఆగకూడదు. కుందేలు మామూలు శరీర ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చెవులు చల్లబడి, ఉష్ణోగ్రత 38 కన్నా తగ్గితే ప్రమాదం ముదిరిందని అర్థం. అప్పుడు దారిలోనూ వెచ్చగా ఉంచాలి. ఇంట్లో సిరంజితో బలవంతంగా మేత పెట్టవద్దు. పొట్ట ఉబ్బి బిగుసుకుని ఉంటే పేగులో అడ్డంకి ఉండవచ్చు, అలాంటప్పుడు పెట్టిన మేత ప్రాణం మీదకు తెస్తుంది. ఇంట్లో మిగిలిన మందులను వేయడం అంతకన్నా పెద్ద తప్పు: అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లను నోటి ద్వారా ఇస్తే అంధనాళంలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి కుందేలు చనిపోవచ్చు.

పెంటికలు చిన్నవై, నల్లబడి, గట్టిపడ్డాయి

కుందేలు చలాకీగా తింటూనే ఉంటే, ఇది సాధారణంగా పీచు గానీ నీరు గానీ చాలడం లేదన్న తొలి సూచన. ఎండుగడ్డి పగలూ రాత్రీ అందుబాటులో ఉందో లేదో చూడాలి. నీటి సీసా కొనలోని గోళీ ఇరుక్కుపోయి నీరు రాకపోవడం తరచుగా జరిగేదే, కానీ దాన్ని చివరగా అనుమానిస్తారు. సీసాతో పాటు బరువైన గిన్నెలో కూడా నీరు పెడితే చాలా కుందేళ్లు ఎక్కువ తాగుతాయి. ఆకుకూరలను కడిగి తడితోనే ఇవ్వవచ్చు. రెండు మూడు రోజుల్లో పెంటికలు పెరిగి లేతరంగుకు రాకపోతే, లేదా వాటి సంఖ్య తగ్గుతుంటే, కారణం నొప్పి కావచ్చు, వైద్యునికి చూపించాలి.

పెంటికలు వెంట్రుకలతో దండలా వస్తున్నాయి

బొచ్చు రాల్చే కాలంలో ఇది సహజం. పేగులు బాగా కదులుతున్నంత కాలం మింగిన వెంట్రుకలు బయటకు వచ్చేస్తాయి, కదలిక మందగించినప్పుడే అవి ముద్దకడతాయి. రోజూ దువ్వడం, ఎండుగడ్డి పెంచడం సరిపోతాయి. బొప్పాయి, అనాస రసాలు వెంట్రుకలను కరిగిస్తాయన్న నమ్మకం ఉంది గానీ అది నిజం కాదు. వాటిలోని చక్కెర మాత్రం పేగులకు అదనపు భారమవుతుంది.

వెనుక భాగానికి మెత్తని పేడ అంటుకుంటోంది

చాలామంది దీన్ని విరేచనాలుగా పొరబడతారు. ట్రేలో గట్టి పెంటికలు కూడా ఉన్నాయా అన్నది మొదట చూడాలి. ఉంటే, అంటుకున్నది కుందేలు తినకుండా వదిలేసిన మెత్తని పెంటికలే. గట్టి పెంటికలు ఒక్కటీ లేకుండా అంతా నీళ్లలా ఉంటే అది నిజమైన విరేచనం, వెంటనే వైద్యుడు చూడవలసిన పరిస్థితి.

వదిలేసినవి అయితే వాటి రూపాన్ని బట్టి కారణాన్ని వెతకవచ్చు. అవి గుత్తిగా కట్టకుండా చిక్కని ముద్దలా ఉంటే, మేతలో పిండిపదార్థమో చక్కెరో ఎక్కువై అంధనాళంలోని పులియబెట్టే ప్రక్రియ గాడి తప్పిందని భావించాలి. బ్రెడ్డు, బిస్కెట్లు, ధాన్యం గింజలు, పండ్లు, మితిమీరిన గుళికలు ఇందుకు కారణాలు. గింజలూ రంగు ముక్కలూ కలిపి అమ్మే మిశ్రమ దాణాలను నేను అసలు సిఫారసు చేయను, ఎందుకంటే కుందేలు అందులోని తీపి, పిండి ముక్కలను ఏరుకుని తిని, పీచున్న వాటిని గిన్నెలోనే వదిలేస్తుంది. గుత్తులు చక్కగా కట్టి ఉన్నా నేలమీద పడి ఉంటే, ప్రోటీన్ ఎక్కువై కుందేలుకు వాటి అవసరం తగ్గి ఉండాలి, లేదా దాని నోరు అక్కడికి చేరడం లేదు. ఊబకాయం, వయసుతో వచ్చే కీళ్ల నొప్పులు, వెన్ను నొప్పి ఉన్న కుందేలు వంగలేదు; అలాంటప్పుడు మేత మార్పుతో పాటు నొప్పికి చికిత్స కూడా కావాలి.

పరిష్కారంగా, తీపి పదార్థాలనూ గింజలనూ వెంటనే ఆపి, గుళికలను రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించాలి. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించనవసరం లేదు. బరువు తగ్గాలని పస్తు పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. లావుగా ఉన్న కుందేలు ఆకలితో ఉంటే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం ఏర్పడుతుంది. గుళికలు తగ్గినా గడ్డి తరగకుండా ఉండాలి.

ఈ లోగా వెనుక భాగాన్ని గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. కుందేలు మొత్తానికి స్నానం చేయించవద్దు, అది విపరీతంగా బెదిరిపోతుంది. వెచ్చని వాతావరణంలో ఈ తడి దగ్గర ఈగలు గుడ్లు పెడతాయి. ఒక్క రోజులోనే పురుగులు పుట్టి చర్మాన్ని తొలిచేస్తాయి. అందువల్ల రోజుకు రెండుసార్లు తోక కింద చూడాలి, ఒక్క పురుగు కనిపించినా వైద్యుని దగ్గరకు బయలుదేరాలి.

ఎండుగడ్డి ముట్టడం లేదు

అన్నిటికన్నా ఎక్కువ మంది ఎదుర్కొనే చిక్కు ఇదే, త్వరగా నిరాశపడి వదిలేసేదీ దీన్నే. కుందేలుకు గడ్డి నచ్చదని నిర్ణయించే ముందు పళ్లను అనుమానించాలి. కుందేలుకున్న 28 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డిని పక్కకు రుద్దుతూ నమలడం వల్లనే దవడ పళ్లు అరుగుతాయి. గడ్డి తినకపోతే అవి ఎదిగి మొనదేలి నాలుకనూ బుగ్గనూ గాయపరుస్తాయి, ఆ గాయంతో గడ్డి తినడం ఇంకా కష్టమవుతుంది. మేత దగ్గరకు ఆత్రంగా వచ్చి, నోట్లో పెట్టుకుని జారవిడిచినా, గడ్డం తడిగా ఉన్నా, మెత్తని వాటినే ఎంచుకున్నా, అది మొండితనం కాదు, నొప్పి. దవడ పళ్లను సరైన పరికరంతో వైద్యుడే చూడాలి.

పళ్లు బాగున్నాయని తేలితే, గుళికలతో కడుపు నిండిపోతోందేమో చూడాలి. కొలిచిన గుళికలను రోజులో ఒకేసారి, గడ్డి తిన్న తర్వాత ఇవ్వడం మంచిది. గడ్డి కూడా పాతబడి ఉండవచ్చు. మంచి ఎండుగడ్డి తీయని వాసనతో, కాస్త ఆకుపచ్చగా ఉంటుంది. దుమ్ము రేగేదీ బూజు పట్టినదీ పారవేయాలి. ధాన్యం నూర్చగా మిగిలిన గడ్డి పరుపుగా వేయడానికి పనికివస్తుంది కానీ పోషణలో మేతగడ్డికి సాటిరాదు. తిమోతి గడ్డి, ఓట్స్ గడ్డి, పచ్చికబయలు గడ్డి వంటివి రెండు మూడు కలిపి పెట్టి, దేనికి మొగ్గు చూపుతుందో గమనించాలి. కుందేళ్లు పెంటికలు వేస్తూనే మేయడానికి ఇష్టపడతాయి కాబట్టి, గడ్డి బుట్టను ట్రేకు ఆనుకుని, తల అందే ఎత్తులో పెట్టడం ఒక్కటే కొన్ని ఇళ్లలో సమస్యను తీర్చేస్తుంది. గడ్డి మధ్యలో కొత్తిమీర లాంటి వాసనగల ఆకులను దాచితే వెతుకుతూ పరకలు నమలడం మొదలుపెడుతుంది. పచ్చిగడ్డి కూడా అంతే మేలు చేస్తుంది, అయితే యంత్రంతో కోసి కుప్పగా ఉంచిన పచ్చిక త్వరగా పులిసిపోతుంది, దాన్ని పెట్టకూడదు.

మూత్రం చిక్కగా, తెల్లగా ఉంది

కుందేలు మేతలోని కాల్షియాన్ని అవసరానికి మించి గ్రహించి, అదనపు భాగాన్ని మూత్రంలో వదులుతుంది. కాస్త మబ్బుగా ఉండటం మామూలే, కానీ సున్నంలా చిక్కబడితే కాల్షియం ఎక్కువైందనో నీరు తక్కువైందనో భావించాలి. లూసర్న్ గడ్డిలో కాల్షియమూ ప్రోటీనూ ఎక్కువ, అది ఎదిగే పిల్లలకు పనికివస్తుంది. ఆరేడు నెలలు దాటిన కుందేలును నెమ్మదిగా మామూలు గడ్డికి మార్చాలి. మూత్రానికి ఇబ్బందిపడుతుంటే రాయి ఉందేమో పరీక్షించాలి.

పాలు మరిచే పిల్లకు నీళ్ల విరేచనం

నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసులో పేగుల్లోని సూక్ష్మజీవుల సమతౌల్యం ఇంకా కుదురుకోదు. మేతను హఠాత్తుగా మార్చడం, పిండిపదార్థాలు పెట్టడం, కాక్సిడియా అనే పరాన్నజీవి సోకడం, వీటిలో ఏది కారణమైనా పిల్ల కొన్ని గంటల్లోనే నీరసించిపోతుంది. మేతను సరిచేస్తూ కూర్చునే సమయం ఇక్కడ ఉండదు. తాజా పెంటికలు కొన్ని డబ్బాలో వేసుకుని పిల్లతో పాటు తీసుకువెళ్తే వైద్యుడు వెంటనే సూక్ష్మదర్శిని కింద చూడగలుగుతాడు. కోలుకున్న పిల్లకు ఎండుగడ్డినే ప్రధాన మేతగా ఉంచి, కొత్త ఆకును ఒక్కొక్కటిగా, ముందు చిటికెడంత పెట్టి, మర్నాడు పెంటికలు గట్టిగానే ఉంటే కాస్త పెంచుతూ అలవాటు చేయాలి.