కారులో జీపీఎస్ నీటుగా బిగించే ముందు జాగ్రత్తలు

బెజవాడ ఎండను దృష్టిలో పెట్టుకునే చోటు ఎంచుకోండి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటితే, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. జీపీఎస్‌లో ఉండే లిథియం బ్యాటరీ ఆ వేడికి ఉబ్బొచ్చు. కాబట్టి దిగేటప్పుడు జీపీఎస్‌ను ఊడదీసుకునే వీలున్న స్టాండే కొనండి.

☐ డ్రైవర్ సీట్లో కూర్చుని స్టాండు చేత్తో పట్టుకుని చూడండి. రోడ్డుకు అడ్డం రాకూడదు.

☐ ముందు అద్దం పక్క పిల్లర్ (నిలువు పట్టీ) మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉందా? ఉంటే అటు వైపు వైరు దోపకండి. బ్యాగ్ ముందు నుంచి వైరు వెళ్తే, ప్రమాదంలో అది తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది. గ్లవ్ బాక్స్ వెనక నుంచి తీసుకెళ్లండి, కాస్త పొడవైనా ఫర్వాలేదు. ఈ ఒక్కదాంట్లో మాత్రం రాజీ పడొద్దు.

☐ కారు కరెంటు 12 వోల్టులు, చాలా జీపీఎస్‌లకు కావాల్సింది 5. మధ్యలో అడాప్టరు తప్పనిసరి.

☐ ఫ్యూజ్ బాక్స్ నుంచి లైను తీస్తుంటే, తాళం తీయగానే ఆగిపోయే ఫ్యూజునే టెస్ట్ ల్యాంపుతో (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) వెతకండి. లేకపోతే రాత్రంతా కరెంటు లాగి పొద్దున్నే బండి స్టార్టవ్వదు. ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోట గుచ్చి అదనంగా లైను తీసుకునే కనెక్టరు) ఆటోనగర్ షాపుల్లో అడగండి. వైరు గీకి మెలిపెట్టి టేపు చుట్టే పని వద్దు.

☐ ఫ్యూజు వెతకడం అయ్యాక, వైర్ల పని మొదలుపెట్టే ముందు కారు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. స్టీరియోకు కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి, బ్యాటరీ మళ్లీ కలిపాక అడగొచ్చు.

☐ ముందు అద్దం తుడిచి, పూర్తిగా ఆరాకే స్టాండు సక్షన్ కప్పు (అద్దానికి అతుక్కునే రబ్బరు కప్పు) నొక్కండి.